కొలనోస్కోపీ ట్రయల్‌లో చేరాను – నా అనుభవం

"నీ మీద ఏదో ప్రయోగం చేశారంట కదా?" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. స్టాఫ్ రూంలో ఒక్కరి చెవిన వేస్తే చాలు, తిరుపతిలో సగం ఊరికి తెలిసిపోతుంది. ఒక్కొక్కరికీ మొదట్నించీ చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడ రాసేస్తున్నా. కొలనోస్కోపీ అంటే వెనకనుంచి కెమెరా ఉన్న సన్నటి ట్యూబు పెట్టి పెద్దపేగు లోపల చూసే పరీక్ష. అందులో వాడే రెండు పద్ధతుల్లో ఏది మేలో మనుషుల మీద పోల్చి చూసే పరిశోధనలో, అంటే ట్రయల్‌లో, నేను చేరాను. ఆస్పత్రి పేరు, డాక్టర్ల పేర్లు అడగొద్దు, తిరుపతిలోనే, అంతవరకు చాలు. నేను డాక్టర్ని కాదు, హైస్కూల్లో లెక్కల టీచర్ని. మీ సంగతి మీ డాక్టర్నే అడగండి.

ఇదంతా మా అన్నతో మొదలైంది. చిత్తూరులో ఉంటాడు. మోషన్‌లో రక్తం పడుతుంటే మొలలే అనుకుని నాటుమందు మింగి, కారం మానేసి, ఏడాది పైగా నెట్టుకొచ్చాడు. తీరా వేలూరు తీసుకెళ్తే (చిత్తూరోళ్ళకి పెద్ద జబ్బంటే వేలూరే కదా, బస్సెక్కితే గంటలో దిగుతారు) పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ అన్నారు. అప్పటికి ఆయనకి 54. ఆపరేషన్ అయింది, కీమో అయింది, దేవుడి దయ వల్ల ఇప్పుడు బాగున్నాడు, సంగటి ముద్ద చిన్నదైపోయిందని వదినతో గొడవ పడేంత బాగున్నాడు. డిశ్చార్జి చేసేటప్పుడు అక్కడి డాక్టరు, ఇంట్లో ఒకరికి వచ్చింది కాబట్టి తోబుట్టువులు, పిల్లలు కూడా కొలనోస్కోపీ చేయించుకోవాలన్నారు. 40 ఏళ్ళకి గానీ, లేదా ఇంట్లో జబ్బు బయటపడిన మనిషి వయసుకి పదేళ్ళు ముందు గానీ, ఏది ముందొస్తే అప్పుడు. నాకు 49.

మన దేశంలో ప్రభుత్వం తరఫున నోటి క్యాన్సర్‌కి, రొమ్ము క్యాన్సర్‌కి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి పరీక్షలు చేసే కార్యక్రమం ఉంది గానీ పెద్దపేగుకి అట్లాంటిదేమీ లేదు. అమెరికాలో అయితే ఏ బాధా లేకపోయినా 45 దాటితే చూపించుకోమంటారు. ఇక్కడ ఏమీ లేకుండా పోతే "నీకేమైందమ్మా?" అని రిసెప్షన్‌లోనే అడుగుతారు. నాకూ అదే అయింది. ఏమీ కాలేదు, మా అన్నకైంది అంటే ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది. డాక్టరు మాత్రం కాగితాలు చూసి "మంచి పని చేశారు, ఏమీ లేనప్పుడే రావాలి" అన్నాడు. ఈ క్యాన్సర్ చాలావరకు పాలిప్ అనే చిన్న కండతో మొదలవుతుందట, అది ముదరడానికి మామూలుగా పదేళ్ళో ఇంకా ఎక్కువో పడుతుందట, ఈలోపు ట్యూబులోంచే తీసేస్తే అక్కడితో సరి. అమెరికాలో అట్లా తీయించుకున్నవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించి 2012లో లెక్క తేలిస్తే, ఈ జబ్బుతో చనిపోయినవాళ్ళు మామూలుగా ఉండాల్సిన సంఖ్యకంటే 53 శాతం తక్కువ తేలారు.

తేదీ ఇచ్చేసి, బయట కూర్చోండి, ఒకమ్మాయి వచ్చి మాట్లాడుతుంది అన్నాడు. ఆ అమ్మాయి స్టడీ కోఆర్డినేటర్, అంటే ట్రయల్ పనులు చూసుకునే మనిషి. మా పెద్దబ్బాయి కంటే చిన్నదే ఉంటుంది. తెలుగులో అచ్చేసిన కాగితాల కట్ట చేతిలో పెట్టి, "మేడమ్, తొందరేం లేదు, ఇంటికి తీసుకెళ్ళి చదివి, మీ ఇంట్లో వాళ్ళతో మాట్లాడి చెప్పండి, వద్దన్నా మీ కొలనోస్కోపీ మీకు జరుగుతుంది" అంది. ఆ చివరి మాట నాకు నచ్చింది.

అసలు విషయం ఏమిటంటే, పాలిప్‌ని సన్నటి తీగ ఉచ్చుతో బిగించి కోస్తారు. ఆ తీగలోకి కరెంటు పంపి కోయడం పాత పద్ధతి. కరెంటు వేడికి రక్తనాళం అక్కడికక్కడే మూసుకుంటుంది, కానీ అదే వేడి లోతుకి దిగి, కొన్ని రోజులకి ఆ పుండు పైన పొక్కు ఊడినప్పుడు రక్తం కారే ప్రమాదం ఉంది. కరెంటు లేకుండా ఉత్త తీగతో కోస్తే అప్పటికప్పుడు కాస్త రక్తం కారుతుంది, చాలావరకు దానంతటదే ఆగిపోతుంది. చిన్న పాలిప్స్ విషయంలో ఏది మేలో దాదాపు తేలిపోయింది: తైవాన్‌లో 4,270 మంది మీద చేసిన ట్రయల్ 2023లో వచ్చింది, 4 నుంచి 10 మిల్లీమీటర్ల పాలిప్స్‌కి కరెంటుతో కోసినవాళ్ళలో 1.5 శాతం మందికి తర్వాత రక్తం కారితే, ఉత్త తీగతో కోసినవాళ్ళలో 0.4 శాతం మందికే కారింది. నాలుగు వేల మంది ఎందుకబ్బా అని మా ఆయన అడిగాడు. వందమందిలో ఒకరికి జరిగే దాన్ని వందమందిని చూసి తేల్చలేం, అందుకు.

పెద్దవాటి దగ్గర మాత్రం లెక్క అంత తేలిగ్గా తేలదు. 20 మిల్లీమీటర్లు దాటినవాటి మీద జర్మనీలో చేసిన ట్రయల్ 2024లో వచ్చింది. కరెంటు లేకుండా తీస్తే పెద్ద ప్రమాదాలు 1 శాతమే, కరెంటుతో దాదాపు 8 శాతం. అయితే కరెంటు లేకుండా తీసినచోట ముక్క మిగిలిపోయి మళ్ళీ కనిపించింది సుమారు 24 శాతం, కరెంటుతో అయితే 14 శాతం. ఒకచోట లాభం, ఇంకోచోట నష్టం. మరి ఈ రెంటికీ నడుమ, 10 నుంచి 19 మిల్లీమీటర్ల వాటికి ఏది మంచిది? నన్ను అడిగిన ట్రయల్ దాని గురించే. కొత్త మందు లేదు, కొత్త మెషిన్ లేదు, రెండూ డాక్టర్లు రోజూ చేసే పద్ధతులే.

ఇదంతా ఇంట్లో చెప్తే మా ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. "మన ఒళ్ళే దొరికిందా వాళ్ళకి నేర్చుకోడానికి?"

ఆయన భయంలో అర్థం ఉంది, నేను కొట్టిపారేయలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన వ్యవహారం మనవాళ్ళెవరూ మర్చిపోలేదు. హాస్టళ్ళలో ఉండే గిరిజన పిల్లలకి తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టేశారు, గొడవయ్యాక 2010లో అది ఆపేశారు, పార్లమెంటు కమిటీ కూడా తప్పుబట్టింది. ఆ సంతకాలు పెట్టింది నాలాంటి టీచర్లే. కాబట్టి ఆ కాగితాలు నేను పరీక్ష పేపర్లు దిద్దినట్టే పెన్ను పట్టుకుని చదివాను. ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకుంటే వైద్యం ఆగదు. ట్రయల్ వల్ల ఏదైనా అయితే ఖర్చు వాళ్ళదే. ట్రయల్‌లో చేరినవాళ్ళకి అన్యాయం జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ ఉంది. చెన్నైలో ఉండే మా పెద్దోడు ఆ కాగితం మీదున్న సీటీఆర్‌ఐ నంబర్ కొట్టి చూశాడు. అది మన దేశంలో జరిగే ట్రయల్స్ రిజిస్ట్రీ, 2007లో మొదలుపెట్టి 2009 నుంచి తప్పనిసరి చేశారు, ఎవరైనా చూడొచ్చు. "ఉందమ్మా, కాగితంలో ఏముందో ఇక్కడా అదే ఉంది" అన్నాక మా ఆయన కాస్త మెత్తబడ్డాడు. ఎవరైనా ట్రయల్ అంటూ వస్తే మొదట ఆ నంబర్ అడగండి. నంబర్ లేదంటే లేచి వచ్చేయండి.

మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ అమ్మాయిని ప్రశ్నలతో చంపేశాను పాపం. ఏ పద్ధతి అనేది ఎవరు నిర్ణయిస్తారు అని అడిగితే, "తిరుమల సేవా టికెట్ల లక్కీడిప్ లాగే మేడమ్, కంప్యూటరే తీస్తుంది, సారు చేతిలో కూడా లేదు" అంది. మా ఆయనకి అప్పుడు టక్కున అర్థమైంది, ఏళ్ళ తరబడి సుప్రభాతం కోసం డిప్‌లో పేరు వేసి రాని మనిషి కదా! కానీ డాక్టరు ఎందుకు నిర్ణయించకూడదు? ఆయన చూసి, ఇది సులువుగా ఉంది, కరెంటు ఎందుకులే అనుకుంటే సులువైనవన్నీ ఒక వైపు, కష్టమైనవన్నీ ఇంకో వైపు పోతాయి, ఆ తర్వాత ఏది మంచిదో ఎట్లా తేలుతుంది? అందుకే పాలిప్ కనబడి, సైజు కొలిచి, పనికొస్తుందని తేల్చాకే, కంప్యూటర్ తీసిన పద్ధతి రాసి ఉన్న సీలు కవరు తెరుస్తారట. అంటే సంతకం ముందే పెడతాం, కానీ సరైన సైజు పాలిప్ దొరికితేనే ట్రయల్‌లో ఉన్నట్టు. దొరక్కపోతే నా కాగితాలు పక్కన పెట్టేస్తారు. ఇంకా అడిగాను. నేను రక్తం పలచన చేసే మాత్రలు వాడుతుంటే? అట్లాంటివాళ్ళని తీసుకోరట. ఆరు నెలలకి మళ్ళీ ఒక కొలనోస్కోపీ ఉంది, దాని డబ్బులు? వాళ్ళవే, రానుపోను ఖర్చులు కూడా. మొదటిది ఎట్లాగూ నాకు అవసరమే కాబట్టి అది మా ఖర్చు. ఏ పద్ధతి చేశారో నాకు చెప్తారా? చెప్పరు, ట్రయల్ మొత్తం ముగిసేదాకా.

సంతకం పెట్టాను. ఒక కాపీ నాకిచ్చారు.

ఇక కడుపు కడిగే వ్యవహారం. ముందు రోజుల్లో టమోటా, వంకాయ, జామకాయ, ఆకుకూరలు, పల్లీలు వద్దన్నారు. పల్లీలు లేకుండా చిత్తూరు జిల్లా వాళ్ళం ఏం తినాలి చెప్పండి? ఊరిబిండి లేని దోసె నేనెప్పుడూ తినలేదు. సంగటి కూడా వద్దు. తెల్లన్నం, పెరుగు. ముందు రోజు ఇంకా దారుణం, కొబ్బరి నీళ్ళు, వడగట్టిన తేటలు మాత్రమే, ఎర్ర రంగు జ్యూసులు అస్సలు ముట్టొద్దు, లోపల రక్తంలా కనబడి కంగారు పెడతాయట. పొడి కలిపిన నీళ్ళు రెండు లీటర్లు, సాయంత్రం సగం, మర్నాడు తెల్లవారుజామున సగం. అంతా రాత్రే తాగేసి పడుకుంటానంటే కుదరదన్నారు, తెల్లారేసరికి చిన్నపేగు నుంచి పసరు మళ్ళీ దిగి పెద్దపేగు మొదటి భాగం గోడలకి పట్టేస్తుందట. రుచి గురించి నిజం చెప్తాను, ఉప్పు కలిపిన పాత ఆరెంజ్ షర్బత్. ఫ్రిజ్‌లో బాగా చల్లబెట్టి, స్ట్రాతో, గ్లాసు గ్లాసుకీ మధ్య నిమ్మచెక్క చప్పరిస్తూ తాగితే లోపలికి పోతుంది. బాత్‌రూంలో కొబ్బరి నూనె సీసా ముందే పెట్టుకోండి, మెత్తటి టిష్యూ వాడండి, మంట పుట్టాక వెతుక్కోడం కాదు. చివరికి లేత పసుపు నీళ్ళలాగా, అడుగు కనబడేంత తేటగా వస్తే అయిపోయినట్టు.

ఈ సంగతి ఇంత సాగదీసి ఎందుకు రాస్తున్నానంటే, ట్రయల్ ట్రయల్ అని అందరూ దాని గురించే అడుగుతారు గానీ పరీక్షలో సగం పని మనదే. రిపోర్టులో పేగు ఎంత శుభ్రంగా ఉందో కూడా మార్కులేస్తారు, మూడు భాగాలకి మూడేసి, మొత్తం తొమ్మిది. నాకు 8 వచ్చాయి. టీచర్ని కదా, ఆ ఒక్కటి ఎక్కడ పోయిందని అడిగాను.

ఆ రోజు ఆస్పత్రిలో నాకు కోపమొచ్చిన విషయం ఒకటే. మాలాగా మందు తాగి వచ్చినవాళ్ళు బెంచీ నిండా ఉన్నారు, ఉన్నది ఒక్క టాయిలెట్, దాని గొళ్ళెం సరిగ్గా పడదు. పెద్దావిడ ఒకామె లోపలికి వెళ్తే నేను బయట తలుపు పట్టుకుని నిలబడ్డాను, నేను వెళ్తే ఆమె పట్టుకుంది. ఇన్ని లక్షల మెషిన్లు కొన్నవాళ్ళకి ఒక గొళ్ళెం పెట్టించడం పెద్ద లెక్కా?

లోపల ఎడమ పక్కకి తిప్పి, మోకాళ్ళు కడుపు దగ్గరికి మడిచి పడుకోబెట్టారు. సిగ్గుపడేవాళ్ళ కోసం చెప్తున్నా, వెనకాల చీలిక ఉన్న గౌను ఇస్తారు, దుప్పటి కప్పుతారు, పక్కన సిస్టర్ ఉంటుంది, అడిగితే లేడీ డాక్టర్ని కూడా చూస్తారు. తొడకి ఒక చల్లటి ప్లేటు అంటించారు. అది కరెంటు పంపేటప్పుడు కావాల్సింది. నాకు కరెంటే అన్నమాట అనుకున్నానో లేదో సిస్టర్ నవ్వి, "అందరికీ అంటిస్తామమ్మా, లేకపోతే మీకు తెలిసిపోతుంది కదా" అంది. చేతికి ఎక్కించిన మత్తు తక్కువే, సగం మెలకువలో స్క్రీన్ కనబడుతోంది. లేత గులాబీ రంగు గోడలు, తడిగా మెరుస్తూ, మడతలు మడతలుగా. లోపలికి వెళ్ళేటప్పుడు గాలికి కడుపు బిగిసి కాస్త నొప్పి అనిపించింది. చివరిదాకా పోయి, అపెండిక్స్ రంధ్రం దగ్గర ఫోటో తీసి, అక్కణ్ణించి వెనక్కి వచ్చేటప్పుడే అసలు వెతుకులాట. వెనక్కి రావడానికి కనీసం ఆరు నిమిషాలు తీసుకోవాలని నియమం ఉందట. అమెరికాలో ఒకచోట చూసి 2006లో లెక్క బయటపెడితే, ఆరు నిమిషాలకు తగ్గకుండా చూసిన డాక్టర్లకి మిగతావాళ్ళకంటే పాలిప్స్ రెండింతలకు పైగా దొరికాయి. అయినా తప్పిపోతాయి. ఒకే మనిషికి వెంటవెంటనే రెండుసార్లు చేసి చూసిన పరిశోధనలన్నీ కలిపితే, మొదటిసారి సుమారు ఐదింట ఒక పాలిప్ కంట పడలేదు. మడత వెనకాల నక్కి ఉంటే కనబడదు మరి.

నాది అట్లాంటిదే. ఒక మడతని పక్కకి నెట్టగానే, పల్చగా, గోడకి అతుక్కున్నట్టు. డాక్టరు లైటు మార్చాడు, స్క్రీనంతా ఒక రకం ఆకుపచ్చ గోధుమ రంగులోకి మారి ఆ కండ మీది సన్నటి గీతలు తేలాయి. ఉచ్చు తెరిచి పక్కన పెట్టి కొలిచారు. "పన్నెండు ఉంటుంది" అన్నాడు. సన్నటి సూదితో నీలం నీళ్ళు ఎక్కిస్తే అది మెల్లగా పైకి ఉబికింది. "సిస్టర్, కవర్" అన్నాడు. అంతే, స్క్రీన్ అటు తిప్పేశారు, చేతిలోకి ఇంకాస్త మత్తు వచ్చింది, తర్వాత లేచింది రికవరీ గదిలోనే.

రెండు వారాలు బరువులెత్తొద్దు, దూర ప్రయాణాలు వద్దు, కొండకి నడిచి వెళ్ళొద్దు అని చెప్పి పంపారు. అలిపిరి మెట్లు 3,550, అన్న బాగుపడితే ఎక్కుతానని మొక్కుకున్నాను, అది వాయిదా పడింది. కొన్ని రోజులకి మోషన్‌లో ఎర్రటి చార కనబడింది. టెన్షన్ గురించి చెప్పక్కర్లేదు. ఇచ్చిన నంబరుకి ఫోన్ చేస్తే, ఎంత పడింది, గడ్డలుగా ఉందా, కళ్ళు తిరుగుతున్నాయా అని అడిగి, వెంటనే వచ్చేయమన్నారు. బీపీ చూశారు, రక్తం పరీక్ష చేశారు, హిమోగ్లోబిన్ తగ్గలేదు, మళ్ళీ పడలేదు కూడా. ఆ చార సంగతి కూడా ఫారంలో రాసుకున్నారు. కరెంటు వల్లనా కాదా అని ఆ ఫోన్ ఎత్తిన అమ్మాయిని ఆరా తీశాను. "నాకూ తెలీదు మేడమ్, తెలిస్తే మిమ్మల్ని అడిగే తీరు మారిపోతుందని నాకూ చెప్పరు" అంది. ముక్కని మైక్రోస్కోపు కింద చూసే ఆయనకి కూడా చెప్పరట. చేసిన డాక్టరుకి మాత్రం దాచలేరు కదా.

రిపోర్టు అడినోమా అని వచ్చింది, అంటే క్యాన్సర్ కాదు, వదిలేస్తే అటు పోయే రకం. ఆరు నెలల తర్వాతది కూడా అయిపోయింది. మళ్ళీ అదే షర్బత్, అదే కొబ్బరి నూనె. కోసినచోట తెల్లటి మచ్చ తప్ప ఏమీ లేదు, అక్కణ్ణించి తీసిన చిన్న ముక్కలో కూడా ఏమీ లేదు. పది మిల్లీమీటర్లు దాటింది కాబట్టి మళ్ళీ మూడేళ్ళకి రమ్మన్నారు. ఏ పద్ధతిలో కోశారో ఇప్పటికీ తెలీదు, నిజానికి ఇప్పుడు పెద్ద పట్టింపు కూడా లేదు. నాకు లాభం ఏమిటి అంటే, ఫోన్ ఎత్తే మనిషి ఒకరు దొరకడం, రెండోసారి ఉచితంగా చూడడం. ఆ 12 మిల్లీమీటర్ల ముక్క ఎట్లాగూ తీసేవాళ్ళే. అయితే పని మానుకుని మళ్ళీ వెళ్ళడం, మళ్ళీ ఆ మందు తాగడం అందరికీ కుదరదు, కూలికి పోయేవాళ్ళకి ఆ రోజు కూలి కూడా కట్టిస్తేనే న్యాయం. ఆ మాట కోఆర్డినేటర్ అమ్మాయికి చెప్పాను, ఆమె కూడా రాసుకుంది.

ఇంట్లో ఇప్పుడు నా పోరాటం అక్కతో. పోలండ్, నార్వే, స్వీడన్‌లలో వేలమందిని పిలిచి కొలనోస్కోపీ చేయించుకోమంటే వచ్చింది 42 శాతమే, పిలిచినవాళ్ళందరినీ కలిపి పదేళ్ళకి లెక్కేస్తే క్యాన్సర్ తగ్గింది 18 శాతమే అని 2022లో వచ్చింది. వెళ్ళనివాళ్ళని కూడా కలిపితే అంతే తేలుతుంది మరి. మా అక్క ఆ మిగతా 58లో మనిషి. కాళహస్తిలో ఉంటుంది, శ్రావణం పోనీ అంది, వినాయక చవితి అంది, ఇప్పుడు బ్రహ్మోత్సవాలంటోంది. దసరా సెలవులకి తేదీ తీసుకుని ఆ పొడి ప్యాకెట్లు నేనే కొని పట్టుకెళ్తున్నా.